జీర్ణ యంత్రోద్ధరణ

శిథిలమైన దేవాలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పూర్వులు జీర్ణోద్ధరణ మన్నారు. దానికి ఆగమాలు విధులు చెప్పాయి. దానిని గావించిన రాజుల పేర్లు శాసనాలకెక్కాయి. పాతబడిన యంత్రానికి అటువంటి శాస్త్రమేదీ మనకు లేదు. యంత్రం మన జీవితంలోకి ఆలస్యంగా వచ్చింది. వచ్చిన నాటినుండి దానిని పనిచేయించడమే ముఖ్యమైనది గాని, భద్రపరచడమన్న ఆలోచన చాలా కాలం పుట్టలేదు. అయినప్పటికీ నేడు దేశంలోని అనేక పట్టణాలలో, ఇంటి పెరటి వసారాలోనో మెట్లకింది చోటులోనో, ఒక పాత మోటారు సైకిలు విప్పదీయబడి గోనెపట్టాల మీద పరచబడి, తిరిగి కూర్చబడే రోజుకై ఎదురు చూస్తూ ఉంటుంది. చూచేవారికి ఇది కేవలం తీరిక వేళల వినోదం. కాని ఆ పనికి పూనుకొన్నవాడు కొద్ది దినాలలోనే చరిత్రకారుని ప్రశ్నను ఎదుర్కొనవలసి వస్తుంది. గతాన్ని నిలబెట్టడమంటే ఆ గతంలోని ఏ ఘడియను నిలబెట్టడం?

ఈ ప్రశ్న భారతదేశంలో ఒక ప్రత్యేక రూపం ధరించింది. దానికి కారణం ఇక్కడికి మోటారు సైకిలు వచ్చిన తీరు, వచ్చి బ్రతికిన తీరు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషు సైన్యం కొరకు బి.ఎస్.ఏ., నార్టన్, మ్యాచ్‌లెస్ కంపెనీలు వేలకొలది మోటారు సైకిళ్లు నిర్మించాయి. యుద్ధం ముగిసిన పిమ్మట సైన్యాలకు అక్కరలేని వాహనాలు ప్రజల చేతికి వచ్చాయి. ఢిల్లీలో ఆ కాలపు పెద్ద మోటారు సైకిళ్లకు వెనుక బల్లలు అమర్చి, మూడు చక్రాల బండ్లుగా మార్చి, జనాన్ని ఎక్కించుకొని తిప్పారు. వాటి చప్పుడును బట్టి వాటికి ఫట్‌ఫటీలన్న పేరు వచ్చింది. తెలుగు పల్లెలలో సైతం మోటారు సైకిలును ఫట్‌ఫటి అనడం ఒకప్పుడు వాడుకే. ఢిల్లీ ఫట్‌ఫటీలు ఇరవయ్యవ శతాబ్ది చివరిదాకా నడిచాయి. ఆనాటికి వాటిలో మొదటి ఇంజన్లు ఎన్నడో పోయి, వాటి స్థానంలో డీజిలు ఇంజన్లు చేరాయి.

ఆ తరువాతిది బుల్లెట్టు కథ. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో 1901లో తొలి మోటారు సైకిలు నిర్మించిన రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ, 1932లో బుల్లెట్టు అన్న పేరు గల బండిని ప్రదర్శించింది. స్వాతంత్ర్యానంతరం సరిహద్దుల కాపలాకై తగిన వాహనాన్ని వెదకిన భారత ప్రభుత్వం 1950ల తొలి సంవత్సరాలలో ఈ 350 సి.సి. బండిని ఎన్నుకొన్నది. 1955లో ఆ కంపెనీ మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించింది. మద్రాసుకు ఉత్తరాన, సముద్ర తీరాన ఉన్న తిరువొత్తియూరులో కర్మాగారం వెలసింది. త్యాగరాజస్వామి త్రిపురసుందరిపై పంచరత్నాలు కూర్చిన క్షేత్రంగా తెలుగువారికి ఆ ఊరు అంతకుముందే పరిచితం. మొదట విడిభాగాలు ఇంగ్లండునుండి ఓడలలో వచ్చేవి, ఇక్కడ కూర్చేవారు. 1957లో భాగాలు తయారుచేసే పనిముట్లనే కొనితెచ్చుకొన్నారు. 1962 నాటికి అన్ని భాగాలూ ఈ దేశంలోనే తయారు కాసాగాయి.

ఇక్కడ చరిత్ర ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. రెడిచ్‌లో ఏటేటా నమూనాలు మారాయి. 1960లలో అక్కడ బుల్లెట్టు నిర్మాణం ఆగింది. 1970లో ఇంగ్లండులో ఆ కంపెనీ మోటారు సైకిళ్ల తయారీయే ముగిసింది. తిరువొత్తియూరులో మాత్రం 1955 నాటి నమూనా పెద్ద మార్పులు లేకుండా కొనసాగింది. 1977లో అది ఇంగ్లండుకే ఎగుమతి కావడం మొదలైనది. పోత ఇనుప సిలిండరు గల ఆ ఇంజను 2010 ప్రాంతం వరకు బ్రతికింది. పుట్టినింట అంతరించినది మెట్టినింట అర్ధ శతాబ్దం వర్ధిల్లినదన్నమాట. కాబట్టి ఒక బుల్లెట్టును చూచి ఇది పాతదా కొత్తదా అని అడిగితే, ఇంగ్లండులో వలె ఇక్కడ సులభమైన సమాధానం దొరకదు. 1965లో తయారైన బండికి 1995లో తయారైన భాగం, కొద్ది సవరణతోనో అసలు సవరణ లేకుండానో, అమరిపోయేది.

ఇదే కాలంలో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం 1961 నుండి చెకొస్లొవేకియా నమూనా బండ్లను నిర్మించింది; 1973లో వాటికి యెజ్దీ అన్న పేరు వచ్చింది; 1996లో కర్మాగారం మూతపడింది. ఎస్కార్ట్స్ కంపెనీ రాజ్‌దూత్ పోలండు నమూనాపై ఆధారపడింది. 1980ల నడుమ జపాను సహకారంతో తేలిక బండ్లు రంగంలోకి దిగేవరకు, భారతీయుని మోటారు సైకిలు అంటే ప్రధానంగా ఈ మూడే.

ఆ దశాబ్దాలలో ఉత్పత్తికి అనుమతులు కావాలి. దిగుమతికి అనుమతులు కావాలి. కొత్త బండికై ఎదురు చూడవలసిన కాలం దీర్ఘమైనది. దొరకని భాగాన్ని లేతు మిషనుపై చేయించుకోవడమో, మరొక బండి భాగాన్ని రాపాడి ఇమిడ్చుకోవడమో తప్ప గత్యంతరం లేదు. సౌరాష్ట్రలో బుల్లెట్టు ముందు భాగానికి వెనుక రెండు చక్రాల తొట్టెను చేర్చి ఛకడో అన్న గ్రామీణ వాహనాన్నే సృష్టించారు. ఈ లేమిలోనుండి ప్రతి ఊరిలోను ఒక మెకానిక్కు వర్గం పుట్టింది. వారి విద్యకు పుస్తకం లేదు. గురువు పక్కన కూర్చుని స్పానర్లు అందించిన బాల్యమే వారి పాఠశాల. నేడు ఇంటిలో పాత బండిని విప్పేవాడు, తెలిసినా తెలియకపోయినా, వీరు వ్రాసిన గ్రంథాన్నే చదువుతున్నాడు.

ఆ గ్రంథంలోని అక్షరాలు ఎటువంటివో చూడవలసి ఉన్నది.

సిలిండరును పైకెత్తగానే పిస్టను తల కనబడుతుంది. దానిపై మసిని గీకితే కొన్నిసార్లు ఒక అంకె బయటపడుతుంది: 20, 40, లేదా 60. సిలిండరు అరిగినప్పుడు దానిని కొంచెం పెద్దదిగా బోరు వేయించి, దానికి సరిపడే పెద్ద పిస్టను ఎక్కిస్తారు. అంగుళంలో వేయవ వంతుల లెక్కన ఎంత పెంచారో ఆ అంకె చెబుతుంది. కర్మాగారం నుండి వచ్చినప్పుడు ఆ రంధ్రం వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90. అరవై అన్న అంకె కనబడిన ఇంజను, ఒకటికి రెండు మూడు మార్లు గుల్లబడి తిరిగి యౌవనం పొందినదన్న మాట. ఇక బోరుకు గోడ చాలకపోతే లోపల స్లీవు దిగగొడతారు. చెట్టు మొదట్లో వలయాలు లెక్కించినట్లు ఇక్కడ ఒక కుటుంబపు ప్రయాణాలను లెక్కించవచ్చు.

అంతకంటె సూక్ష్మమైన సాక్ష్యం మరచుట్లలో ఉన్నది. ఇంగ్లీషు యంత్రాలు అంగుళాల లెక్కన నిర్మింపబడినవి. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరకు కోణం 55 డిగ్రీలు. మెట్రిక్ మరకు 60 డిగ్రీలు. తిరువొత్తియూరు బండ్లు అంగుళాల మరలతో బయలుదేరుతున్న ఆ సంవత్సరాలలోనే మన దేశం కొలతలు మార్చుకొన్నది. 1956 చట్టాన్ని అనుసరించి 1958 అక్టోబరు నుండి మెట్రిక్ పద్ధతి అమలులోకి రాసాగింది. పాత బోల్టు పోయినప్పుడు ఊరి కొట్టులో దొరికినది కొత్త కొలత బోల్టు. దానినే బలవంతాన బిగించారు. అది మూడు చుట్లు తిరిగి పట్టేసింది. లోపలి అల్యూమినియం మర చిట్లింది. దానిని తొలిచి ఇంకొక మర కోశారు. ఒక జాతి తన తూనికలను కొలతలను మార్చుకొన్న చరిత్ర ప్రభుత్వపు గెజెట్టులో ఒక విధంగా, ఈ చిట్లిన రంధ్రంలో మరొక విధంగా వ్రాయబడి ఉన్నది.

ఈ పనిలో ఓర్పే పెద్ద పనిముట్టు. తుప్పు పట్టిన నట్టును తిప్పబోయే ముందు కిరసనాయిలులో రాత్రంతా నాననివ్వాలి. క్రాంకు కేసులో బేరింగును సుత్తితో కొట్టి దించరాదు. అల్యూమినియం ఉక్కుకంటె దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కేసును తగినంత వేడి చేస్తే, బేరింగు తన బరువుతోనే తన చోట కూర్చుంటుంది. విప్పిన ప్రతి భాగానికి చీటీ కట్టి డబ్బాలో ఉంచనివాడు ఆరు నెలల తరువాత తన సొంత ఇంటిలో పరదేశి అవుతాడు. చివరకు బండి నిలిచినప్పుడు కూడ బలం పనిచేయదు. డీకంప్రెసరు మీట నొక్కి పట్టి, కిక్కును మెల్లగా దించుతూ, అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చే క్షణాన్ని కనిపెట్టి, అప్పుడు మీట వదలి, ఒక్క నిండు అడుగు వేయాలి. ఈ మర్యాద తెలియక తొందరపడినవాని కాలిని బుల్లెట్టు తిరిగి తన్నిన సందర్భాలు కోకొల్లలు.

ఇంతవరకు వివాదం లేదు. రంగు వేసేవేళకు వివాదం మొదలవుతుంది. పెట్రోలు టాంకు పైన నాలుగు పొరల రంగులుంటాయి. అట్టడుగున కర్మాగారపు నలుపు, దానిపై చేతితో గీసిన బంగారు గీతల జాడ. ఆపైన ఏదో పెండ్లికి వేయించిన ఎరుపు. ఆపైన ఇంకొకరి ఆకుపచ్చ. అన్నింటినీ గీకి మొదటి నలుపును నిగనిగలాడేటట్లు తిరిగి వేయడం సర్వసాధారణంగా జరుగుతున్నది. ప్రదర్శనలలో బహుమతులు అందుకొనేది చాలావరకు ఇటువంటి బండ్లే. కాని ఆ నిగనిగ కర్మాగారంనుండి వెలువడిన తొలిదినాన్ని మాత్రమే బ్రతికించి, తరువాతి అరవై ఏండ్లను తుడిచివేస్తుంది. పందొమ్మిదవ శతాబ్దిలో కట్టడాల విషయమై ఐరోపాలో ఈ తర్కమే జరిగింది. పునరుద్ధరణ పేరిట జరిగేది విధ్వంసమేనని రస్కిన్ 1849లో వాదించాడు. కట్టడానికి సంపూర్ణ రూపం ఇవ్వడమే పునరుద్ధరణమని ఫ్రాన్సులో వ్యోలె-ల-ద్యూక్ నమ్మాడు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ ఒప్పందం మధ్యేమార్గం చూపింది. పాత వాహనం కొత్తదానివలె కనబడనక్కరలేదు. వాడుక మిగిల్చిన గుర్తులు కూడ విలువైనవే. మార్చిన భాగాలకు గుర్తు ఉండాలి. చేసిన పనికి వ్రాతమూలకమైన లెక్క ఉండాలి.

మన దేశంలో చట్టం కూడ ఈ చర్చలో ప్రవేశించింది. 2021 జూలైలో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, యాభై ఏండ్లు దాటి, మూలరూపంలోనే ఉండి, చాసిసులోను ఇంజనులోను గణనీయమైన మార్పులకు లోనుకాని వాహనమే వింటేజి వాహనం. దానికి ప్రత్యేకమైన నంబరు వరుస ఉన్నది. కొత్తగా నమోదు చేయించడానికి రుసుము 20,000 రూపాయలు. నిత్య ప్రయాణానికి దానిని వాడరాదు. వారసత్వానికి రాజముద్ర లభించడం హర్షణీయమే. అయినా మూలరూపమన్న మాట వద్ద ఆలోచనాపరుడు ఆగవలసి వస్తుంది. ధనికుని గారేజీలో తెరకప్పుకొని నిద్రించిన బండి మూలరూపాన్ని సులభంగా నిలుపుకొంటుంది. పాలబిందెలు మోసి, పోలీసు గస్తీ తిరిగి, ఉపాధ్యాయుని మూడు ఊళ్ల బడులకు చేర్చిన బండికి అది దుర్లభం. ఆ బండి మార్పులకు లోనైనందుననే మిగిలింది.

మిలింద రాజుకు నాగసేనుడు వేసిన ప్రశ్న ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, కాడి రథం కాదు, మరి రథమేది? అన్నీ కూడిన చోట వాడుకకై మనం పెట్టుకొన్న పేరే రథమని తేలింది. పూరీలో నవకళేబరోత్సవం మరొక సమాధానం ఇస్తుంది. అధిక ఆషాఢం వచ్చిన ఏటనే అది జరుగుతుంది. కడపట 2015లో జరిగింది. దారుమూర్తులు పూర్తిగా మారినా, లోపలి బ్రహ్మపదార్థం పాతదానినుండి కొత్తదానికి చేరుతుంది గనుక జగన్నాథుడు మారడు. కొత్త దేహాన్ని ధరించడం అబద్ధమని భారతీయ మనస్సు ఎన్నడూ తలచలేదు. అది కోరినది ఒక్కటే: ఆ మార్పు తెలిసి, విధిప్రకారం, పాతదానిపట్ల గౌరవంతో జరగాలని.

పాత బండి విషయంలో కూడ ధర్మం అక్కడే ఉన్నది. తప్పు భాగం మార్చడంలో లేదు. మార్చి దాచడంలో ఉన్నది. పది బండ్ల ముక్కలను కూర్చి ఒక పాత నంబరు తగిలించి అమ్మేవాడు చేసేది చరిత్రను కల్పించడం. మిస్త్రీ అతికిన ఇత్తడి ముక్కను వికారమని పారవేసి మెరిసే నకలు భాగాన్ని అమర్చేవాడు, సదుద్దేశంతోనే ఐనా, ఒక పనివాని సంతకాన్ని చెరిపివేస్తున్నాడు. ఆ అతుకు నేటికీ బరువు మోయగలదా అన్నది మొదటి పరీక్ష. మోయగలిగితే దానిని ఉండనివ్వడమే న్యాయం. బ్రేకు, చక్రపు చువ్వ, ముందు ఫోర్కు వంటి ప్రాణరక్షణ భాగాలలో మాత్రం పాతదనంపై మమకారం పనికిరాదు. అక్కడ కొత్తదే ధర్మం.

ఒక పాఠశాల నోటు పుస్తకం ఈ మొత్తం పనికి చాలును. ఏ దినాన ఏ భాగం విప్పినది, దానిపై ఏ గుర్తు కనబడినది, ఏది మిగిలినది, ఏది మారినది, మారినదానికి బదులు ఎక్కడనుండి ఏది వచ్చినది, టాంకు పైన ఏ రంగు కింద ఏ రంగు ఉన్నది అని అందులో వ్రాసి, తీసివేసిన అరవై నంబరు పిస్టనును గుడ్డలో చుట్టి, చీటీ కట్టి, ఆ పుస్తకం పక్కన ఉంచినవాడు బండినీ నిలిపాడు, దాని గతాన్నీ నిలిపాడు. మరో ముప్పది ఏండ్లకు అదే ఇంజనును వేరొక చేయి విప్పినప్పుడు, ఊహతో పనిలేకుండా, చదువుకొనడానికి అతనికి ఆ పుస్తకం మిగిలి ఉంటుంది.