ఇంటి ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్

ఇంటర్నెట్‌ను రాగి తీగలో విద్యుత్తుగా కాక గాజు పోగులో కాంతిగా ఇంటి లోపలి దాకా తెచ్చే సేవే ఇంటి ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్. వాడుకలో ఫైబర్ నెట్ అనేస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీఎస్‌ఎన్‌ఎల్, జియో, ఎయిర్‌టెల్, యాక్ట్ వంటి సంస్థలు దీన్ని ఇస్తున్నాయి. చాలా ఊళ్లలో పాత కేబుల్ టీవీ ఆపరేటర్లే నెట్ ఆపరేటర్లు కూడా అయ్యారు. ప్లాన్‌లో రాసిన వేగం ఫోన్‌లో కనిపించకపోతే జనం ముందు అనుమానించేది వీధిలోని ఫైబర్‌ని. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. వేగం పోయేది ఎక్కువగా ఇంటి గడప దాటాకే: కనెక్టర్ దగ్గర, లాన్ వైరులో, వైఫైలో.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థను ఏర్పాటు చేసింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగడం దాని పద్ధతి. ఖర్చూ కాలమూ కలిసొచ్చాయి, గాలివానకు తెగే బెడదా తోడొచ్చింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ పథకంలో నెట్, టీవీ, ఫోన్ మూడూ కలిపి మొదటి ప్యాకేజీ నెలకు 149 రూపాయలు. తెలంగాణ ఇంకో దారి పట్టింది. మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ కేబుల్‌కూ చోటిచ్చింది. హైదరాబాద్‌లో 2017లోనే సెకనుకు ఒక గిగాబిట్ ప్లాన్ అమ్మకానికి వచ్చింది. కేంద్రం మాత్రం 2023 జనవరి దాకా 512 కిలోబిట్లు అందితే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనే లెక్కగట్టింది. ఆ తర్వాత ఆ గీతను 2 మెగాబిట్లకు పెంచింది.

స్తంభాల మీది కేబుళ్ల గొడవ ఇంకా తెగలేదు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లోని రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో విద్యుదాఘాతంతో పలువురు చనిపోయాక, నగరంలో స్తంభాలకు వేలాడే కేబుళ్లను విద్యుత్ సంస్థ పెద్దఎత్తున కత్తిరించింది. ఎన్నో ఇళ్లలో నెట్ ఆగిపోయింది, వివాదం హైకోర్టుకెక్కింది.

కాంతి వచ్చే దారి

ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి బయలుదేరే ఒకే పోగును దారిలో స్ప్లిటర్ ఎనిమిదిగానో, పదహారుగానో, ముప్ఫై రెండుగానో చీలుస్తుంది. స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, అది కాంతిని పంచే గాజు ముక్క, అంతే. ఇంట్లో గోడకు బిగించే పెట్టె ఓఎన్‌టీ. దేశంలో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఇంటివైపు వచ్చే కాంతి 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి పోయేది 1310. రెండూ ఒకే పోగులో ఎదురెదురుగా నడుస్తాయి. కేబుల్ టీవీ కూడా అదే పోగులో రావాలంటే 1550 దగ్గర మూడో కాంతిని కలుపుతారు.

ఒక జీపాన్ పోర్టు మొత్తం సామర్థ్యం ఇంటివైపు సెకనుకు 2.488 గిగాబిట్లు, తిరుగుదారిలో 1.244 గిగాబిట్లు. ముప్ఫై రెండు ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా లాగితే ఇంటికి దక్కేది 78 మెగాబిట్లకు లోపే. అలా అందరూ ఒకేసారి లాగరన్న నమ్మకం మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. ఆ నమ్మకం కాస్త సడలేది రాత్రి భోజనాల వేళ. ఇంటివైపు వచ్చే సమాచారం అన్ని ఇళ్ల ఓఎన్‌టీలకూ చేరుతుంది, ఎవరిది వారు ఏరుకుంటారు. అందుకే దాన్ని సంకేత భాషలోకి మార్చి పంపుతారు. తిరుగుదారిలో మాత్రం ఎవరి వంతు వచ్చినప్పుడే వారి ఓఎన్‌టీ వెలగాలి. ఒక్క ఇంట్లో పెట్టె చెడిపోయి ఆగకుండా వెలుగుతూ ఉంటే ఆ పోర్టు మీదున్న ఇళ్లన్నిటికీ నెట్ పోతుంది. 'మా లైన్ అంతా పడిపోయింది' అని ఆపరేటర్ అన్నప్పుడు దోషి ఒక్కోసారి పక్కింటి పెట్టే.

ఫైబర్ అని పేరు పెట్టి అమ్మేదంతా ఇలా ఉండదు. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ కింది అంతస్తులోని స్విచ్ దాకానే వస్తుంది, ఫ్లాటుకు వచ్చేది మామూలు లాన్ వైరు. వేగంలో పెద్ద తేడా తెలియకపోవచ్చు గానీ, ఆ స్విచ్‌కు కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. స్ప్లిటర్ పద్ధతిలో ఆ ఇబ్బంది తక్కువ. ఓఎన్‌టీకి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే, ఆపరేటర్ గదిలో కరెంటు ఉన్నంతసేపు నెట్ నడుస్తుంది. దరఖాస్తు చేసే రోజే ఈ ఒక్క సంగతి అడిగి తెలుసుకోవాలి: ఫ్లాటులోకి వచ్చేది గాజు పోగా, రాగి తీగా?

బిగించే రోజు

స్తంభం మీది డబ్బా నుంచి ఇంటికి లాగేది పల్చటి నల్ల వైరు. లాగుడును ఓర్చుకోవడానికి పక్కన ఉక్కు తీగ అంటుకుని ఉంటుంది. అసలు పోగు లోపల ఉంటుంది. గాజు మందం 125 మైక్రాన్లు, అందులో కాంతి నడిచే మధ్య భాగం తొమ్మిది మైక్రాన్లే. బిగించడానికి వచ్చిన మనిషి వైరు పైతొడుగు ఒలిచి, గాజు మీది ప్లాస్టిక్ పూతను స్ట్రిప్పర్‌తో తీసేసి, స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, క్లీవర్‌లో పెట్టి కోస్తాడు. కోత నిటారుగా పడకపోయినా, వేలి జిడ్డు అంటినా కాంతి అక్కడే చెదిరిపోతుంది. తర్వాత దాన్ని ఫాస్ట్ కనెక్టర్‌లో దూర్చి బిగిస్తాడు. ఇది నిమిషాల పని. స్ప్లైసింగ్ యంత్రంతో రెండు పోగుల్ని కరిగించి అతికితే జాయింట్ ఎక్కువ కాలం నమ్మకంగా ఉంటుంది, అడిగితే కొందరు ఆపరేటర్లు చేస్తారు. కోసిన గాజు తునకలు కంటికి ఆనవు, కాలికి గుచ్చుకుంటే తీయడం కష్టం. టేపుతో అద్ది తీసేయమని చెప్పడానికి మొహమాటపడకూడదు. కనెక్టర్ కొనలోకి తొంగిచూడకూడదు, లోపలి లేజర్ కాంతి కంటికి కనిపించదు గానీ కంటికి హాని చేయగలదు.

కనెక్టర్లు రెండు రంగుల్లో వస్తాయి. ఆకుపచ్చదాని ముఖాన్ని ఎనిమిది డిగ్రీల వాలుగా అరగదీస్తారు, నీలంది వాలు లేనిది. పచ్చదాన్ని నీలం సాకెట్లో పెడితే పడుతుంది, నెట్ కూడా రావచ్చు. రెండు ముఖాల మధ్య గాలి సందు మిగిలి కాంతి మాత్రం సగానికి పైగా పోవచ్చు.

పని అయ్యాక అడగాల్సిన ప్రశ్న ఒకటే: 'పవర్ ఎంత వస్తోంది?' జవాబు కాంతి బలాన్ని కొలిచే డీబీఎంలలో మైనస్ అంకెగా వస్తుంది. ఆ అంకె మూడు కిందికి దిగితే కాంతి సగమైనట్టు, పది దిగితే పదో వంతు అయినట్టు. ముప్ఫై రెండుగా చీల్చే స్ప్లిటర్ ఒక్కటే దాదాపు 17 మింగేస్తుంది. కాబట్టి ఇంట్లో మైనస్ 18, మైనస్ 22 లాంటి అంకె వస్తే నిశ్చింత. మామూలు జీపాన్ పెట్టెకు మైనస్ 27 చివరి గీత. మైనస్ 26 దగ్గర బిగించి వెళ్లిపోతే ఆ రోజు నడుస్తుంది, కనెక్టర్‌లో కాస్త దుమ్ము చేరగానే తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఆ అంకెను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత వాదనకు పనికొస్తుంది. మైనస్ 8 కంటే బలమైన కాంతి కూడా పెట్టెకు పడదు.

ఓఎన్‌టీ మీద ఎర్ర దీపం వెలిగితే కాంతి అందడం లేదని అర్థం: వైరు తెగింది, లేదా ఎలుకో ఉడుతో కొరికింది, లేదా ఎవరో తలుపు సందులో నలిపారు. పాన్ (PON) అని రాసి ఉన్న దీపం మిణుకుమంటూనే ఉంటే ఓఎల్‌టీ ఆ పెట్టెను ఇంకా తనలో చేర్చుకోలేదన్నమాట. దీపాలన్నీ సరిగ్గా ఉండి నెట్ లేకపోతే యూజర్ పేరు, పాస్‌వర్డ్, బిల్లు చూడాలి. మిగిలిన వైరును చుట్టి మేకుకు బిగించి కట్టడం మన ఇళ్లలో మామూలే, కానీ వంపుకూ హద్దుంది. పాతరకం పోగును 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే ఇరుకుగా వంచకూడదు, ఇళ్లలో వాడే జీ.657 రకం 10 దాకా, అందులో మెరుగైనది 7.5 దాకా ఓర్చుకుంటుంది.

వేగం ఆగే చోట్లు

ప్లాన్‌లోది మెగాబిట్, డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్. ఎనిమిది బిట్లు ఒక బైటు గనక 100 మెగాబిట్ల ప్లాన్‌లో సెకనుకు 12.5 మెగాబైట్లు వస్తే పూర్తి వేగం వచ్చినట్టే.

200 లేదా 300 ప్లాన్ తీసుకున్నాక వేగం పరీక్షలో ప్రతిసారీ 94 దగ్గర ఆగుతోందా? ఆ అంకె కనబడితే వీధిని తిట్టుకోనక్కర్లేదు. దారిలో ఎక్కడో వంద మెగాబిట్ల లింకు ఉందని అది దాదాపు సంతకం పెట్టి చెబుతోంది. లాన్ వైరులో నాలుగు జతలుంటాయి. వంద మెగాబిట్లకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ తెగినా, క్రింపింగ్ సరిగ్గా పడకపోయినా లింకు చప్పుడు చేయకుండా వందకు దిగిపోతుంది. చౌక ఓఎన్‌టీల్లో ఒక పోర్టే గిగాబిట్, మిగతావి వందవి. వైరు ఏ పోర్టులో ఉందో చూడాలి. కంప్యూటర్‌లో నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింకు వేగం 1000 అని ఉందో, 100 అని ఉందో కనిపిస్తుంది.

వైఫైని నిందించే ముందు వైరుతో కొలవాలి. వైరులో 300 వచ్చి ఫోన్‌లో 40 వస్తే ఆపరేటర్ చేయగలిగింది తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు వాటికోసం కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగమైంది, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. వైరు ఎక్కడ లోపలికి వచ్చిందో అక్కడే, అంటే వాకిలి పక్కనో చెప్పుల అరలోనో పెట్టె బిగించేసి పోతారు. ఇనుప బీరువా వెనక పెట్టేవాళ్లూ ఉన్నారు. ఇంటి నడుమకు, తలెత్తు కంటే పైకి మార్చడం కొత్త రౌటర్ కొనడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. డూప్లెక్స్ ఇళ్లలో పైఅంతస్తుకు లాన్ వైరు లాగి అక్కడ రెండో యాక్సెస్ పాయింట్ పెట్టాలి. స్లాబు దాటి వైఫైతోనే అందుకునే మెష్ పెట్టెలు వేగంలో చాలా భాగాన్ని దారిలోనే ఖర్చు చేస్తాయి.

ఏ ప్లాన్ కొన్నా తగ్గనిది దూరం. గాజులో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు తిన్నగా 14,000 కిలోమీటర్లు అనుకున్నా పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు పడుతుంది. సముద్రపు కేబుళ్లు చుట్టు తిరిగి పోతాయి గనక నిజంగా పట్టేది 200 దాటుతుంది. అమెరికాలోని కొడుకుతో వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయి ఆగిపోవడంలో ఆ దూరానికీ వాటా ఉంది.

సీసీటీవీని బయటి నుంచి చూడాలనుకునేవారు ఇంకొకటి గమనించాలి. చాలా కంపెనీలు ఒకే ఐపీ చిరునామాను ఎన్నో ఇళ్లకు ఉమ్మడిగా ఇస్తాయి. కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూడవచ్చు గానీ నేరుగా చేరుకోవాలంటే సాధారణంగా తమకొక్కరికే ఉండే స్టాటిక్ ఐపీని విడిగా కొనాలి.

ఫిర్యాదు, ఖాళీ చేయడం

ఫిర్యాదు ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా డాకెట్ నంబరు తీసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం మొదట కంపెనీ ఫిర్యాదు కేంద్రం, అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారి. నంబరు లేకపోతే అప్పీలుకు ఆధారం ఉండదు. ఇల్లు మారేటప్పుడు ఓఎన్‌టీ ఎవరిదో చూసుకోవాలి. ఉచితంగా ఇచ్చామన్న పెట్టె చాలాసార్లు కంపెనీ సొత్తే, తిరిగి ఇచ్చిన రసీదు లేకుండా డిపాజిట్ రాదు. గోడలోంచి వచ్చిన పోగును కత్తిరించకుండా దుమ్ము మూత పెట్టి వదిలేస్తే, తర్వాత వచ్చే అద్దెవాళ్లు అదే ఆపరేటర్ దగ్గర కనెక్షన్ తీసుకున్నప్పుడు మళ్లీ స్తంభం ఎక్కే పని సాధారణంగా ఉండదు.