ఋతువులను నాటిన తోట: బెంగుళూరు లాల్‌బాగ్

5.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• రాచతోటగా మొదలైన లాల్‌బాగ్ ప్రజల ఉద్యానవనంగా మారిన దశలను వివరించగలుగుతారు.
• తోటలో ఏడాది పొడవునా కనిపించే పూల వరసకు, రాజకీయ చరిత్రకు ఉన్న సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• చెట్లను చరిత్ర ఆధారాలుగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

5.1 విషయ పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, దస్తావేజులు గుర్తుకొస్తాయి. చెట్టు కూడా ఆధారమే అంటే కొందరికి వింతగా తోచవచ్చు. అడవిలో చెట్టు తనంతట తాను మొలుస్తుంది. నగర ఉద్యానవనంలో చెట్టును మాత్రం ఎవరో ఒకరు ఎక్కడినుంచో తెచ్చి, ఏదో ఉద్దేశంతో నాటి ఉంటారు. ఆ ‘ఎవరు, ఎక్కడినుంచి, ఎందుకు’ అనే ప్రశ్నలతోనే చరిత్ర మొదలవుతుంది.

బెంగుళూరులోని లాల్‌బాగ్ సుమారు 240 ఎకరాల ఉద్యానవనం. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన నగరం కాబట్టి మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. జనవరిలో వెళ్ళినవారు ఒక తోటను చూస్తారు, మే నెలలో వెళ్ళినవారు మరొక తోటను చూస్తారు. ఈ మార్పును ప్రకృతి సహజమని మనం అనుకుంటాం. అందులో మనుషుల పాత్ర ఎంత అన్నదే ఈ భాగంలో మనం పరిశీలించే ప్రశ్న.

5.2 రాచతోట (1760–1799)

లాల్‌బాగ్‌కు 1760లో హైదర్ అలీ పునాది వేశాడు. శిరాలోని మొగలాయి పద్ధతి తోట ఆయనకు నమూనా అని చెబుతారు. అప్పట్లో దాని విస్తీర్ణం సుమారు 40 ఎకరాలు మాత్రమే. ఆయన కుమారుడు టిపూ సుల్తాన్ దూరదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తెప్పించి తోటను పెంచాడు. నాటి రాజులకు తోట విలాసం మాత్రమే కాదు. కొత్త పండు, కొత్త పువ్వు తమ నేలలో పండిందంటే అది తమ రాజ్యం పలుకుబడికి గుర్తు.

ఈ తోటలో చెమటోడ్చినవారి సంగతి కూడా గమనించాలి. బెంగుళూరు ప్రాంతంలో తోటపని కులవృత్తిగా ఉన్న తిగళ సమాజంవారు ఇక్కడి తోటల పెంపకంలో ముఖ్యులు. చైత్ర పౌర్ణమినాడు ధర్మరాయ ఆలయం నుంచి బయలుదేరే కరగ ఉత్సవం వీరిదే. పాలకుల పేర్లు, అధికారుల పేర్లు రికార్డులకెక్కాయి. మొక్కకు నీళ్ళు పోసినవారి పేర్లు ఎక్కలేదు. ఉద్యానవనాల చరిత్ర చదివేటప్పుడు ఈ మౌనాన్ని గుర్తుంచుకోవాలి.

5.3 ప్రయోగశాలగా మారిన తోట (1799–1908)

1799లో టిపూ మరణించాక తోట ఈస్టిండియా కంపెనీ అధికారుల చేతుల్లోకి వెళ్ళింది. 1831 నుంచి మైసూరు రాజ్యాన్ని బ్రిటిష్ కమిషనర్లు పాలించారు. ఆ కాలంలోనే, 1856లో, వృక్షశాస్త్రవేత్త హ్యూ క్లెగ్‌హార్న్ సలహాతో లాల్‌బాగ్ ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనం అయింది. లండన్ సమీపంలోని క్యూ ఉద్యానవనంలో శిక్షణ పొందినవారిని దాని నిర్వహణకు పిలిపించారు. 1874లో వచ్చిన జాన్ కామెరాన్ వారిలో ముఖ్యుడు.

క్యూ సంబంధం వెనక స్పష్టమైన ఆర్థిక ప్రయోజనం ఉంది. ఒక వలసలోని మొక్కను మరొక వలసలో పెంచి చూడటం, లాభసాటి పంటలను గుర్తించి రైతులకు అందించటం ఇలాంటి తోటల పని. మనం కూర వండుకునే బెంగుళూరు వంకాయ దీనికి మంచి ఉదాహరణ. అది వంకాయ జాతి కాదు, బెంగుళూరులో పుట్టినదీ కాదు. మధ్య అమెరికా ప్రాంతపు తీగ. ఇక్కడ దాని వ్యాప్తికి కామెరాన్ కాలంలో లాల్‌బాగ్ తోడ్పడిందని చెబుతారు. తెలుగువారు దానికి పెట్టుకున్న పేరులోనే ఆ ప్రయాణపు మజిలీ ఒకటి నిలిచిపోయింది.

1889 నవంబరు 30న ఆల్బర్ట్ విక్టర్ యువరాజు గాజు మందిరానికి పునాదిరాయి వేశాడు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దానికి స్ఫూర్తి. ఇక్కడ ఒక విషయం మరవకూడదు. 1881లోనే మైసూరు పాలన తిరిగి ఒడెయరు వంశానికి దక్కింది. కాబట్టి గాజు మందిరాన్ని ‘బ్రిటిష్‌వారి కానుక’ అనటం సగం నిజమే. అది సంస్థాన పాలనలో లేచిన కట్టడం.

5.4 పూల వరస: ఒక ప్రణాళిక

1908లో జర్మన్ ఉద్యాన నిపుణుడు గుస్తావ్ హెర్మన్ క్రుంబీగెల్ బాధ్యత తీసుకున్నాడు. అంతకుముందు ఆయన బరోడా సంస్థానంలో పనిచేశాడు. ఒక జాతి చెట్ల పూత ముగిసేసరికి మరొక జాతి పూతకు వచ్చేలా ఎంచి నాటాలన్న ఆలోచన బెంగుళూరులో ఆయన పేరుతో ముడిపడి ఉంది. ఏడాదిలో ఏ నెలలోనూ నగరం పూలు లేకుండా ఉండకూడదన్నది దాని లక్ష్యం. ఆయన తరవాత ఎచ్.సి. జవరాయ, అనంతరం ఎం.ఎచ్. మరిగౌడ ఉద్యాన శాఖను నడిపించారు.

సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉండటం, నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి వానా అందటం ఈ ప్రణాళికకు కలిసివచ్చాయి. ఫలితాన్ని నెలలవారీగా చూడండి. చలి ముగిసే రోజుల్లో గులాబి రంగు టబెబూయా, దాని వెనకే పసుపు టబెబూయా పూస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో జకరాండా ఊదారంగు పరుస్తుంది. ఏప్రిల్, మే నెలలు ఎర్రతురాయివి, రేలపూలవి. వానలు మొదలైతే కొమ్మల మీది రంగు తగ్గి ఆకుపచ్చదనం చిక్కబడుతుంది. ఆగస్టు తరవాత ఆఫ్రికా తులిప్ చెట్టు ఎర్రబారుతుంది. సంవత్సరాంతానికి ఆకాశమల్లె తెల్లని పూలు రాల్చి దారులను సువాసనతో నింపుతుంది.

ఇప్పుడు ఇవే చెట్ల పుట్టిళ్ళు చూడండి. టబెబూయా, జకరాండా దక్షిణ అమెరికావి. ఎర్రతురాయి మడగాస్కర్‌ది. తులిప్ చెట్టు ఆఫ్రికాది. ఆకాశమల్లె బర్మా వైపునుంచి వచ్చింది. మన నేలదైన రేల వీటి మధ్య ఒకటిగా నిలిచింది. మన కావ్యాల్లో పూలకాలం వసంతం. లాల్‌బాగ్‌లో మాత్రం శిశిరంలో, ఆకులు రాల్చిన కొమ్మల మీదే పూలు విరగబూస్తాయి. అంటే బెంగుళూరువాసి ఆస్వాదించే ఋతుచక్రంలో వాతావరణం ఎంత ఉందో, నౌకాయానం, వలసపాలన, సంస్థానపు ఆశయం కూడా అంతే ఉన్నాయి.

అయితే ఘనతనంతా ఒక్కరికే కట్టబెట్టడం చరిత్రకారుడికి తగదు. నేడు నగర వీధుల్లో కనిపించే చెట్లలో చాలా భాగం 1980లలో అటవీ అధికారి ఎస్.జి. నేగిన్హాళ్ ఆధ్వర్యంలో నాటినవి.

5.5 తోట ఎవరిది?

1912లో మైసూరు ఉద్యాన సంఘం ఏర్పడింది. దాని ప్రోత్సాహంతో పుష్పప్రదర్శనలు బలపడ్డాయి. నేడు అవి గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం సందర్భాల్లో జరుగుతున్నాయి. యువరాజు పునాదిరాయి వేసిన గాజు మందిరంలోనే జనవరి 26ను, ఆగస్టు 15ను పూలతో జరుపుకొంటున్నామంటే తోట యజమాని మారాడని అర్థం.

కాని ఆ యాజమాన్యం ఒకసారి దక్కితే శాశ్వతంగా ఉండేది కాదు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల రక్షణకు 1975లో కర్ణాటక ప్రభుత్వ ఉద్యానవనాల సంరక్షణ చట్టం చేశారు. 2009లో మెట్రో రైలు మార్గం కోసం లాల్‌బాగ్ అంచున కంచె తొలగించి చెట్లు కొట్టినప్పుడు నగరవాసులు వీధుల్లోకి వచ్చారు. రవాణా కూడా ప్రజావసరమే, నీడ కూడా ప్రజావసరమే. ఇలాంటి చోట తీర్పు సులభం కాదు. నా అభిప్రాయంలో గమనించవలసిన అంశం ఒకటుంది. కొట్టేసిన చెట్టుకు బదులు మరోచోట మొక్క నాటవచ్చు. కాని మూడు తరాలు ఆలోచించి కూర్చిన పూల వరసలో ఏర్పడిన ఖాళీ ఆ మొక్కతో నిండదు. ఆ లెక్క ఏ అంచనా పత్రంలోనూ కనిపించదు.

తోటలోని రాతిగుట్ట దాదాపు 300 కోట్ల సంవత్సరాల నాటిది. దానిమీద కెంపేగౌడ పేరిట గోపురం ఉంది. అక్కడ నిలబడితే రాతి కాలం, రాజుల కాలం, పూల కాలం ఒకేచోట కనిపిస్తాయి. ఈ మూడింటిలో మన సంరక్షణ మీద పూర్తిగా ఆధారపడింది చివరిదే.

5.6 సారాంశం

లాల్‌బాగ్ 1760లో రాచతోటగా మొదలై, 1856 తరవాత వృక్షశాస్త్ర కేంద్రంగా, 20వ శతాబ్దంలో ప్రజల ఉద్యానవనంగా రూపొందింది. అక్కడ ఏడాది పొడవునా కనిపించే పూల వరస ప్రకృతి, ప్రణాళిక, శ్రమ కలిసిన ఫలితం. దాన్ని కాపాడుకోవటం ప్రతి తరమూ కొత్తగా చేయవలసిన పని.

5.7 మీ అవగాహనను పరీక్షించుకోండి

1. గాజు మందిరాన్ని ‘బ్రిటిష్‌వారి కానుక’ అనటం ఎందుకు సగం నిజమే?
2. పూల వరస ప్రణాళికకు బెంగుళూరు శీతోష్ణస్థితి ఎలా తోడ్పడింది?
3. హైదరాబాదులోని పబ్లిక్ గార్డెన్స్‌కు బాగ్-ఎ-ఆమ్ అని పేరు. ‘ఆమ్’ అంటే సామాన్య జనం. ఈ పేరును ఆధారంగా తీసుకుని ఉద్యానవనానికి, ప్రజలకు ఉన్న సంబంధాన్ని చర్చించండి.
4. మీ ఊరి పార్కులో ఐదు చెట్లను ఎంచుకోండి. అవి ఏ నెలలో పూస్తాయో, వాటి పుట్టిల్లు ఏదో, ఎవరి కాలంలో నాటారో పెద్దలను అడిగి రాయండి. తోటమాలిని తప్పక అడగండి.