సిబుట్రమీన్, రక్తపోటు

సిబుట్రమీన్ ఆకలిని మందగింపజేసి దేహభారమును తగ్గించుటకై 1997లో అమెరికాయందు అనుమతి పొంది, 2010లో విపణినుండి తొలగింపబడిన ఔషధము. బరువు తగ్గినకొలది రక్తపోటు దిగుట శరీరధర్మమైయుండగా, ఒకవైపు బరువును తగ్గించుచునే మఱియొకవైపు రక్తపోటును పెంచిన మందు ఇది.

నాడీకణములు విడుదలచేసిన నారడ్రినలిన్, సెరొటోనిన్ అను ద్రవ్యములను ఆ కణములే మరల పీల్చుకొనకుండ ఇది అడ్డగించును. అందుచేత మెదడున తృప్తి త్వరగా కలిగి భోజనము తగ్గును. కాని అదే నారడ్రినలిన్ ధమనులను బిగించి, గుండెవేగమును హెచ్చించుటవలన, కొవ్వు తరిగి మూత్రపిండములకును రక్తనాళములకును కలుగవలసిన ఉపశమనము చాలవరకు హరించిపోవును. సగటు పెరుగుదల రెండుమూడు మిల్లీమీటర్ల పాదరసము మాత్రమే అయినను, ఆ సగటు మాటున కొందఱిలో కలిగిన తీవ్రమైన పెరుగుదల మఱుగుపడినది. 1996లోనే అమెరికా ఔషధనియంత్రణ సంస్థ సలహాసంఘమున అధికసంఖ్యాకులు, మేలుకంటె ముప్పే హెచ్చని తలంచిరి. వారి మాట నెగ్గకపోవుట శోచనీయము.

2010లో ప్రకటితమైన ‘స్కౌట్’ పరిశోధనయందు, 55 ఏండ్లు పైబడి గుండెజబ్బుగాని మధుమేహముగాని ఉన్న సుమారు 9,800 మందిని పరిశీలింపగా, గుండెపోటు, పక్షవాతము మొదలగు ఉపద్రవములు ఈ మందు వాడినవారిలో నూటికి 11.4 మందికిని, ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారిలో 10 మందికిని కలిగినవి. వీరిలో పెక్కండ్రు ఈ మందు వాడరాదని ముందే నిర్దేశింపబడిన హృద్రోగులే యనుటయు న్యాయము. భారతదేశమున 2011లో నిషేధము వచ్చినది. ఆ పిమ్మటను మూలికామందులను పేరిట అమ్మబడు కొన్ని సన్నబడు మాత్రలలో సిబుట్రమీన్ రహస్యముగా కలిపియుండుట పలుదేశముల పరీక్షలలో బయటపడినది. ఇది క్షమింపరాని మోసము, ఏలయన మ్రింగువాడు తన రక్తపోటును చూపించుకొనవలెనని కూడ ఎఱుగడు.

బరువు తగ్గించుటకై ఇటీవల వచ్చిన సెమగ్లూటైడ్ అను సూదిమందు మార్గము వేఱు. 2021లో వెలువడిన పరీక్షయందు పై రక్తపోటు సుమారు 6 మిల్లీమీటర్లు తగ్గినది. నాడి మాత్రము కొంచెము హెచ్చును. ఇచట జాగ్రత్త మఱొకటి: ఈ సూదిమందువలన కలుగు వాంతులచే ఒంటి నీరు తగ్గినవారు పాత బీపీ మాత్రలను పాత మోతాదులోనే వాడుచుండినచో, మంచముమీదినుండి లేచి నిలువగానే కన్నులు తిరుగును. అట్టివారికి పడుకొన్నపుడును నిలుచున్నపుడును రక్తపోటు చూచి, వైద్యుడు ఆ మాత్రల మోతాదును సవరింపవలెను. లావుచేతికి చిన్నపట్టీ చుట్టి కొలిచినచో ఉన్నదానికంటె హెచ్చుగా చూపును గావున, పట్టీ చేతికి తగినంత వెడల్పుగా నుండవలెను.