టేపుకు కులం లేదంటారు

మా వాడలో పోలీసంటే భయం, పోలీసు కొలువంటే ఆశ. రెండూ ఒక్క ఇంట్లోనే ఉంటాయి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసినవాళ్ళం. స్టేషన్ ఎవరి పక్షాన నిలబడుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా మా పిల్లలు తెల్లారకముందే చెరువు కట్ట మీద ఉరుకుతుంటారు. నెల జీతం ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది. అట్రాసిటీ కేసు పెట్టడానికి మా అమ్మలాంటామె స్టేషన్ మెట్లెక్కితే, ఆమె మాట ఆమె చెప్పినట్టు వినేవాడు ఒక్కడన్నా లోపల ఉండాలి. అందుకే ఈ కొలువులకు మనిషిని ఎట్ల ఎంచుతున్నారన్నది మనకు చిన్న సంగతి కాదు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇప్పుడు సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. టీచరు కొలువు రాకముందు నేనూ కానిస్టేబులుకు పోయాను. 5 కిలోమీటర్లు 25 నిమిషాల లోపే ఉరికాను. టేపు దగ్గర ఆగిపోయాను. నా ఎత్తు 166 సెంటీమీటర్లు, కావాల్సింది 167.6. పక్కకు జరగమన్నారు.

ఈ 167.6 ఎక్కడిది? లెక్క కట్టి చూడండి, అది 5 అడుగుల 6 అంగుళాలు. ఛాతీ 86.3 అంటే 34 అంగుళాలు. సెంటీమీటర్లు వచ్చాయి గానీ కొలత అంగుళాల కాలం నాటిదే. 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లోనూ అదే అంకె. ఏజెన్సీ గిరిజనులకు మాత్రం ఎత్తు 160, ఛాతీ 80. అది న్యాయమే. 160 ఉన్న మనిషి కూడా పోలీసు పని చేయగలడని సర్కారు అక్కడ ఒప్పుకున్నట్టే. మరి ఎస్సీలకు? వయసులో 5 ఏళ్ళ సడలింపు ఉంది, ఫీజులో ఉంది, అర్హత మార్కుల్లో ఉంది. ఎత్తులో వెంట్రుకవాసి కూడా లేదు.

'టేపుకు కులం లేదు, అందరికీ ఒకటే' అంటారు. టేపుకు లేదు, నిజమే. కానీ దాని కింద నిలబడ్డ ఒంటికి ఉంది. నన్ను కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మ నాట్లకు పోయింది. కైకిలి కింద ఆసామి కొలిచిన గింజలే మాకు గటక. బడుల్లో వండిన అన్నం పెట్టడం 2003 జనవరిలో మొదలైంది, అప్పటికే నేను ఐదో తరగతి దాటిపోయాను. తల్లి కడుపులోనూ పసితనంలోనూ దొరకని తిండి మనిషి ఎత్తును కోస్తుంది. ఇరవై ఏళ్ళ వయసులో ఎంత ఉరికినా ఆ లోటు తీరదు. మార్కులు తగ్గితే మళ్ళీ చదివి రాయొచ్చు, ఎత్తుకు సప్లిమెంటరీ లేదు.

ఈ నియమాలేమన్నా మారనివా? నేను ఉరికిన 5 కిలోమీటర్ల పరుగును తెలంగాణ వచ్చాక తీసేశారు. ప్రిలిమ్స్‌లో అర్హత అంతకుముందు ఓసీలకు 40 శాతం, బీసీలకు 35, ఎస్సీ ఎస్టీలకు 30 ఉండేది. 2022లో అందరికీ 30 అన్నారు. అందరికీ దించి, మనల్ని మాత్రం ఉన్నచోటే ఉంచారు. కొట్లాడితే అదే ఏడు అక్టోబరులో బీసీలకు 25, మనకు 20 అయింది. 2023లో ఒక సెంటీమీటరు, అంతకన్నా తక్కువ తేడాతో పోయినవాళ్ళను హైకోర్టు ఆదేశంతో మళ్ళీ కొలిచారు. అక్కడ తేల్చింది టేపు సరిగ్గా పట్టారా లేదా అన్నదే. అసలు ఆ అంకె ఎందుకన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నను అమెరికాలో అడిగారు. నల్లవాళ్ళు కొట్లాడి సాధించుకున్న 1964 పౌరహక్కుల చట్టాన్ని పట్టుకుని ఒక మహిళ అడిగింది. అలబామా జైళ్ళలో గార్డు కొలువుకు 5 అడుగుల 2 అంగుళాల ఎత్తు, 120 పౌండ్ల బరువు ఉండాలనేవాళ్ళు. దాంతో చాలామంది ఆడవాళ్ళు గేటు బయటే మిగిలారు. డయాన్ రాలిన్‌సన్ కేసు వేసింది. 1977లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను తప్పుపట్టింది. పనికి బలం కావాలంటే బలాన్నే నేరుగా పరీక్షించవచ్చు కదా అన్నది.

మనం అడగాల్సిందీ అదే. 2022లో మగవాళ్ళకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకమన్నారు. ఉరికిన పిల్లవాడు దొంగ వెంటపడగలడని ఆ పరుగే చెప్పింది. ఇంకో సెంటీమీటరున్నర కొత్తగా ఏం చెబుతుంది? చదువుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. 167.6కు ఆధారమేమిటో చూపమని అర్జీ పెట్టండి. చూపలేకపోతే ఆ అంకెను దించమని అడగండి. దయ చూపమని కాదు, లెక్క చెప్పమని.