సద్ది నుండి ఉగ్గాని వరకు: సీమ యుదయాహార చరిత్ర

కర్నూలు, కడప సీమలలో సామాన్య గృహస్థునకు వరియన్నము ఒకప్పుడు పండుగనాటి మాట. జొన్నరొట్టె, కొర్రన్నము, రాగిసంగటి దినదినాహారములు. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, ఉల్లిగడ్డ నంజుకొని పొలమునకు పోవుట రైతు యలవాటు. దానినే సద్ది యనిరి. వాన తక్కువైన నేల ఏర్పరచిన భోజనమది.

ఈ భోజనము మారుటకు తొలి కారణము నీరు. 1860 తరువాతి దశాబ్దములో మదరాసు ఇరిగేషను కంపెనీవారు సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట వేసి, కర్నూలు–కడప కాలువను త్రవ్వించిరి. కాలువ వెంబడి వరిమళ్ళు వెలసినవి. ఇరువదవ శతాబ్దమున వేరుసెనగ వచ్చి మెట్టచేలను ఆక్రమించినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పేదయింటికి చేరినది. ఆకలి తీర్చిన ఆ మేలు మరువరానిది. కాని కొర్రకుండ అటకెక్కినది. వీనికి తోడు సిగ్గు కూడ పనిచేసినది. జొన్నకూడు తినువాడు బీదవాడను చిన్నచూపు తెలుగునాట పాతదే. శ్రీనాథుని పేర వ్యాపించిన చాటువులలో సైతము పల్నాటి జొన్నకూటిపై పరిహాసము కలదు.

అట్లని పాతకాలమంతయు ఆరోగ్యమయమనుట సత్యము కాదు. 1876–78 నాటి ధాత కరువులో ఈ ధాన్యములు పండక జనము మలమల మాడిరి. నాటివారికి కొరతపడినది తిండి. నేడు మనకు కొరతపడినది తిండిలోని పీచు.

ఈ సంగతిని లెక్కలతో చూపినది జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరున మెక్‌కారిసన్ ఆరంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో ఆ పేరు పొందినది. ఆ సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల తెల్లబియ్యములో పీచు సుమారు 2.8 గ్రాములు, జొన్నలో 10.2, రాగిలో 11.2. పీచు గల ముడిధాన్యము నెమ్మదిగా జీర్ణమగును. నెత్తురులో చక్కెర ఒక్కసారిగా పెరుగదు. కొలెస్టరాలును అదుపున నుంచుటకును పీచు తోడ్పడును. ఈ రెండును గుండెకు మేలు.

కావున నేటి పలహారమును విడువనక్కరలేదు. సరకు మార్చిన చాలును. దోసెపిండిలో సగము బియ్యమునకు బదులు కొర్రలు పోయవచ్చును. కారందోసెపై నేతిని తగ్గించి, చెంచాడు వేరుసెనగనూనె వేయవచ్చును. ఉగ్గానికి తోడు బజ్జీలు మాని, వేయించిన బుడ్డలును, పుట్నాలపొడియు, ఉల్లిపాయయు, నిమ్మరసమును చేర్చిన రుచి తగ్గదు. సంగటిలో బియ్యపు నూకలను తగ్గించి రాగిపిండిని పెంచవచ్చును. ఊరగాయకు బదులు ఆకుకూర పప్పు నంజుకొనుట మేలు. దినమునకు ఉప్పు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక. మందులు వాడువారు మాత్రము వైద్యుని సలహా తప్పక పొందవలెను.

2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్య వత్సరముగా పాటించినది. నంద్యాల పరిశోధనా స్థానమువారు సూర్యనంది వంటి కొర్ర రకములను రైతులకు అందించిరి. విత్తనము సిద్ధముగా నున్నది, పొలమును కలదు. అయినను ఇంట అడుగువారు లేనిచో అంగడికి కొర్రలు రావు. అంగడికి పోనిచో రైతు విత్తడు. అటకనున్న కుండను మరల దించవలసినది గృహిణియు గృహస్థుడును కలసియే.