విశ్వవిద్యాలయమునకు బలమేది?

విశ్వవిద్యాలయ మనగానే మన మనస్సునకు ముందుగా తోచునవి ఉన్నత భవనములు, విశాల ప్రాంగణములు. అవి అవసరములే. కాని విద్యాసంస్థను సమర్థ మొనర్చునది అవేనా? ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలినాటి చరిత్ర మన కీ విషయమున మంచి పాఠము.

1926లో ఆ సంస్థ బెజవాడ కేంద్రముగా వెలసెను. కళాశాలలకు గుర్తింపు నిచ్చుట, పరీక్షలు జరుపుట, పట్టము లొసగుట, అప్పటి కింతియే దాని పని. కేంద్రస్థాన మే పట్టణమున నుండవలెనను వివాదముతోనే మనవారు కొంతకాలము గడపిరి. తుదకు 1930లో అది వాల్తేరు చేరెను.

ప్రథమ వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ 1930లోనే పదవిని త్యజించిరి. విద్యాపీఠాధిపతి ప్రభుత్వమునకు కేవలము ఉద్యోగి కాడని ఆ త్యాగము చాటెను.

1931లో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు బోధనాశాఖలను పెంపొందించిరి. అధ్యాపకుల నెన్నుకొనుటలో వారు ప్రాంతమును చూడలేదు. వంగదేశమునుండి హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వంటి యువకులు వచ్చిరి. భౌతికశాస్త్రమునకు సూరి భగవంతంగారు, రసాయనశాస్త్రమునకు టి. ఆర్. శేషాద్రిగారు లభించిరి. జయపురాధీశులు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయల నొసగిరి. విజ్ఞాన, సాంకేతిక కళాశాలకు వారి పేరే పెట్టబడెను. ఒక్కమారు వచ్చిన విరాళముతో భవనము కట్టవచ్చును. ఏటేట వచ్చు ధనమున్నగాని ఆచార్యుని స్థిరముగా నిలుపుకొనలేము.

1936లో రెడ్డిగారు మరల వచ్చి 1949 వరకు ఆ పదవి నలంకరించిరి. రాధాకృష్ణన్ గారి కాలమున చేరిన శేషాద్రి, భగవంతంగారలు రెడ్డిగారి హయాములోను తమ శాఖలను నడపిరి. అధిపతి మారినను పని చెడలేదు.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసెను. ప్రాంగణము సైన్యమున కప్పగింపబడెను. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. గోడలు వాల్తేరుననే యుండెను. గురువులు, శిష్యులు గుంటూరున చదువు సాగించిరి. యుద్ధానంతరము వారు తిరిగి వచ్చిన పిదపనే ఆ గోడలకు మరల విశ్వవిద్యాలయమను పేరు సార్థకమయ్యెను.

స్వతంత్రుడైన అధిపతి, యోగ్యతయే కొలతగా అధ్యాపకుల ఎంపిక, నిలకడగల ధనము, ఒకరు నాటినదానిని మరియొకరు పెంచు సంప్రదాయము: బలము వీనియందున్నదని మా తలంపు. మన ఊరికొక విశ్వవిద్యాలయము కావలెనని కోరునప్పుడు, స్థలమెచ్చట నని యడుగుటకు ముందు, ఆచార్యుల నెవ్వ రెట్లు ఎన్నుకొందురని యడుగుదము గాక!