నడుం తొక్కుడూ, నల్లగొండ వెన్నూ

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుం తొక్కితే పట్టు విడుస్తుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో పాతదే. బోర్లా పడుకున్న మనిషి వెన్ను మీద పాదం ఆనించి మెల్లగా బరువు మోపుతారు. ఎక్కడో టప్పుమంటుంది. లేచినవాడు ఒళ్లు తేలికైందంటాడు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టిన కైరోప్రాక్టిక్ ఇలాంటి పనికే ఒక సిద్ధాంతాన్నీ, కాలేజీలనూ, ఫీజులనూ జోడించింది. పూసలు తప్పితే నరాలకు అడ్డుపడుతుందనీ, రోగాల్లో చాలా భాగం అక్కడినుంచే పుడతాయనీ పామర్ వాదం. వైద్యశాస్త్రం దాన్ని ఒప్పుకోలేదు. శతాబ్దం దాటాక అదే వృత్తిలోని పరిశోధకులు ప్రశ్నను బాగా కుదించుకున్నారు: చెప్పుకోదగ్గ జబ్బేదీ లేని మనిషికి వెన్ను సవరిస్తే కండ బలం పెరుగుతుందా? దీనికి వాళ్లకు దొరికిన జవాబు నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో చెల్లదని నా అభిప్రాయం. ఆ ప్రయోగాల్లో లోపాలున్నాయి, నిజమే. కానీ అసలు కారణం ఇక్కడి నీళ్ల చరిత్రలో ఉంది.

ముందు ఆ జవాబు సంగతి. 2015లో న్యూజిలాండ్ కైరోప్రాక్టిక్ కాలేజీ పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనంలో, వెన్ను సవరించిన వెంటనే పిక్క కండరం బలం సగటున 16 శాతం పెరిగింది. ఉత్తుత్తిగా కదిలించి వదిలేసినప్పుడు సుమారు 11 శాతం తగ్గింది. 2018లో 11 మంది తైక్వాండో క్రీడాకారుల మీద చేసిన పరీక్షలోనూ బలం పెరిగింది. అయితే అరగంట దాకా స్పష్టంగా కనబడిన తేడా గంట గడిచేసరికి గణాంకాల్లో నిలవలేదు. పట్టుమని పది మంది, గంటలోపు ఫలితం, పైగా పరీక్షించినవాళ్లకు ఆ వృత్తితోనే బంధుత్వం. టప్పుమన్న చప్పుడు విన్నవాడు బలపరీక్షలో ఈసారి ఇంకొంచెం గట్టిగా పాదం నొక్కడని ఎవరనగలరు? ఇన్ని అనుమానాలున్నా ఇందులో కొట్టిపారేయకూడని మాట ఒకటుంది. కండరం నిమిషాల్లో పెరగదు కాబట్టి, మెదడు నుంచి వెన్నుపాము మీదుగా కండకు వెళ్లే ఆజ్ఞ బలపడి ఉంటుందని వాళ్లు వివరించారు. వెన్ను బాగోగులను బట్టి కండ సత్తువ మారగలదన్నంత వరకు నాకూ అభ్యంతరం లేదు. నల్లగొండ దాన్ని ఎప్పుడో రుజువు చేసింది, ఎదురు దిశలో.

తెలుగు నేల మీద ఈ నీళ్ల కథ 1937లో మొదలైంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను పాడుచేస్తోందని షార్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇలాంటి ప్రాంతాల్లోనే మోకాళ్లు లోపలికి వంగిపోయే వికృతిని లాన్సెట్‌లో వర్ణించారు. పత్రికల్లోని ఫొటోలన్నీ ఆ వంకర కాళ్లవే. కానీ సత్తువ సంగతి తేలింది ఇంకోచోట. న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ ఫ్లోరైడ్ జబ్బులో, అంటే ఫ్లోరోసిస్‌లో, నరాలకు జరిగే నష్టాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. వెన్నుపూసలను కలిపే స్నాయువులు ఎముకగా మారతాయి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది, వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు బిగుసుకుంటాయి, నడక తూలుతుంది, కొందరికి చేతులూ పడిపోతాయి. అలాంటివాడి కండలో మొదట్లో ఏ జబ్బూ ఉండదు. దానికి అందాల్సిన ఆజ్ఞే అందదు.

ఈ దశ రావడానికి సాధారణంగా దశాబ్దాలు పడుతుంది, చిక్కంతా అక్కడే. ఆ మధ్య కాలమంతా మనిషి ఆరోగ్యంగానే ఉన్నట్టు లెక్క. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ప్రాజెక్టుల కింద మట్టి మోశారు. వాళ్ల ఆస్తి ఒంటి సత్తువే. ఎండలో కష్టపడేవాడు నీళ్లు ఎక్కువ తాగుతాడు, గ్రానైటు రాళ్ల పొరల్లోంచి వచ్చే బోరింగు నీళ్లయితే ఫ్లోరైడూ ఎక్కువే ఒంట్లో చేరుతుంది. అలాంటివాడు నడుం పట్టేసిందని వస్తే, అది పనివల్ల వచ్చిన పట్టో, ఎముక అతుక్కుంటోందో చేత్తో తడిమి చెప్పలేం. ఫ్లోరోసిస్ సర్వేల్లో చేయించే మూడు పరీక్షలున్నాయి: మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు చాచి మడిచి తల వెనక్కి చేర్చడం. ఇవి చేయలేనివాడి మెడనో నడుమునో విరవడం ప్రమాదం. దారి ఇరుకైన వెన్నుపాముకు చిన్న కుదుపు చాలు.

తొక్కించుకున్నవాళ్లకు హాయి కలగడం అబద్ధమా అని అడగొచ్చు. అబద్ధం కాదు. నొప్పి తగ్గితే భయం తగ్గుతుంది, ఉన్న బలమంతా బయటికొస్తుంది. దాన్ని కొత్త బలంగా లెక్కేయడమే పొరపాటు. ఇంకో అభ్యంతరం బలమైనది: నీళ్లు మారిపోయాయి కదా, ఇంకా ఫ్లోరైడ్ మాటెందుకని. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ పేరు ప్రపంచమంతా తిరిగినా ఊళ్లలో సమస్య తీరలేదు. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగి ఎన్నికనే నిరసనగా మార్చారు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నది నీటిని ఇళ్లకు తెచ్చింది, అది పెద్ద మార్పే. అయితే ఎముకలో చేరిన ఫ్లోరైడ్ కుళాయి మారిన రోజే పోదు, ఏళ్ల తరబడి ఉంటుంది. గట్టిపడిన స్నాయువు మళ్లీ మెత్తబడదు. నలభై దాటినవాళ్ల వెన్ను పాత నీళ్లతో పెరిగినదే. వెన్ను సవరింపుతో బలం పెరుగుతుందో లేదో ఇక్కడ పరీక్షించదలిస్తే ఎవరు ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో ముందు రాసుకోవాలి. తర్వాత ముంజేతికి ఎక్స్‌రే తీయాలి. రెండెముకల నడుమ ఉండే పల్చటి పొర అందులో తెల్లగా గట్టిపడి కనిపిస్తే, ఎంత కండ ఉన్నా ఆ మనిషిని ప్రయోగంలోకి తీసుకోకూడదు.